ఇంటి హాబీలకు పనికొచ్చే షాపు గిఫ్టులు ఎలా ఎంచుకోవాలి

ఉగాదికి గోడ గడియారం, దసరాకు స్టీలు డబ్బా, కొత్త సంవత్సరానికి క్యాలెండర్. నల్లగొండ ప్రకాశం బజార్‌లో చూసినా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కల చూసినా షాపు పేరు వేసి ఇచ్చే గిఫ్టులు ఎక్కువగా ఇవే. క్యాలెండర్ సంగతి వేరు, అది ప్రతి ఇంట్లో గోడకు ఎక్కుతుంది. గడియారాలు మాత్రం ఒక ఇంటికి ఎన్ని కావాలి? ఒకటో రెండో గోడకు, మిగతావి అటక మీదకు. మీరు పెట్టిన డబ్బు కూడా అటక మీదే ఉన్నట్టు.

అదే డబ్బుతో, ఆ ఇంట్లో మనిషి ఇష్టంగా చేసుకునే పనికి అక్కరకొచ్చే వస్తువు ఇవ్వొచ్చు. మొక్కలు పెంచే ఆమెకు విత్తనాలు, ముగ్గులు వేసే అమ్మాయికి చుక్కల పుస్తకం, సాయంత్రం అరుగు మీద కూర్చునే పెద్దాయనకు అష్టాచెమ్మా గుడ్డ. ఇలాంటివి చేతికి పని పెడతాయి. పని పెట్టిన వస్తువును మనిషి మరిచిపోడు, ఇచ్చిన షాపునూ మరిచిపోడు. మీది బట్టల షాపైనా, ఎరువుల దుకాణమైనా, చిట్టీల ఆఫీసైనా, చిన్న ప్రైవేటు స్కూలైనా ఎంపిక చేసే పద్ధతి ఒకటే.

ముందుగా అడిగి తెలుసుకోండి

"మీ హాబీ ఏంటి?" అని అడిగితే మన దగ్గర చాలామంది "మాకేం హాబీలు సార్, పనికే టైం సరిపోతలేదు" అంటారు. అదే మనిషి ఇంటి మిద్దె మీద పది కుండీలు ఉంటాయి, అలమారలో సగం కుట్టిన జాకెట్ ఎంబ్రాయిడరీ ఉంటుంది. వాటిని వాళ్లు హాబీ అనుకోరు, అంతే. అందుకని ప్రశ్న మార్చండి. "సాయంత్రం పనైనంక ఏం చేస్తరక్కా?" "ఇంట్ల చెట్లు పెట్టుకున్నరా?" "సంక్రాంతికి మీ ఇంటి ముందట ముగ్గు ఎవరేస్తరు?" బిల్లు రాసే ఒక్క నిమిషంలో ఇందులో ఒకటి అడిగినా చాలు. వచ్చిన జవాబును ఫోన్‌లో ఆ కస్టమర్ పేరు పక్కన ఒక్క మాటగా రాసుకోండి: మొక్కలు, ముగ్గు, కుట్టు, వంట, పిల్లల బొమ్మలు, పుస్తకాలు.

ఒక నెల ఇలా రాసుకుంటే మీ కస్టమర్లు నాలుగైదు గుంపులుగా కనబడతారు. అందరికీ ఒకటే గిఫ్టు ఇవ్వాలన్న నియమం ఎక్కడా లేదు. పెద్ద గుంపులు రెండు మూడు చూసుకుని, వాటికి తగ్గట్టు రెండు మూడు రకాలు చేయించండి. మిగిలినవాళ్లకు ఎప్పటిలాగే క్యాలెండర్ ఇవ్వండి.

ఉన్న అలవాటుకు తోడవ్వండి

నేను గట్టిగా నమ్మే మాట ఇది. గిఫ్టుతో ఎవరికీ కొత్త హాబీ అంటించలేం. ఎన్నడూ మొక్క పెట్టని ఇంటికి కుండీ, మట్టి, విత్తనం, స్ప్రే బాటిల్ అన్నీ కలిపి పెద్ద కిట్ ఇచ్చినా అది మూలకే పోతుంది. పది కుండీలున్న ఇంటికి ఒక మంచి గ్రోబ్యాగ్ ఇస్తే ఆ సాయంత్రమే దాంట్లో మట్టి పడుతుంది.

రెండో సంగతి, వాడితే అయిపోయే వస్తువే మేలు. దారం అయిపోతుంది, విత్తనం అయిపోతుంది, కాగితం నిండిపోతుంది. అయిపోయిందంటే వాడారనే అర్థం. మళ్లీ మీ షాపు గుర్తుకొస్తుంది, వచ్చే ఏడాది మళ్లీ అదే ఇచ్చినా "మళ్లీ ఇదేనా" అని ఎవరూ అనరు.

డబ్బు లెక్క

మీ చేతిలో ఇరవై వేలు ఉన్నాయనుకోండి. ఐదు వందల మందికి నలభై రూపాయల వస్తువు పంచవచ్చు, లేదా నూట యాభై మందికి నూట ముప్పై రూపాయల వస్తువు ఇవ్వవచ్చు. నేనైతే రెండోదే చేస్తాను. నలభై రూపాయల్లో ప్రింటు, ప్యాకింగ్, రవాణా పోను వస్తువుకు మిగిలేది చాలా తక్కువ. ఆ ధరకు వచ్చే కుండీ ఎండకు పగులుతుంది, ఆ ధరకు వచ్చే కత్తెరతో గుడ్డ తెగదు. నాసిరకం వస్తువు మీద మీ పేరు ఉండటం కన్నా అసలు ఇవ్వకపోవడం నయం.

లెక్క వేసేటప్పుడు వస్తువు ధర ఒక్కటే చూడకండి. ప్రింటింగ్‌కు స్క్రీన్ తయారీ ఖర్చు, కవరు, హైదరాబాద్ బేగంబజార్‌లో కొంటే అక్కడి నుంచి ఆర్టీసీ కార్గోలోనో ట్రాన్స్‌పోర్టులోనో తెప్పించే ఖర్చు, దారిలో విరిగేవి, రంగు తేడా వచ్చేవి, అన్నీ కలపండి. కావలసిన సంఖ్య కన్నా పదిశాతం ఎక్కువే చేయించుకోండి.

విత్తనాలు ఇస్తే ఎలా ఇవ్వాలి

మన ప్రాంతంలో అన్నిటికన్నా బాగా కుదిరే గిఫ్టు ఇదే. అయితే సమయం తప్పితే పూర్తిగా వృథా. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, పాలమూరు మిద్దెల మీద నలభై డిగ్రీలు దాటిన ఎండకు లేత మొలక నిలవదు. ఉగాదికి విత్తనాల ప్యాకెట్ పంచితే జూన్ దాకా వేడి గదిలో పడి ఉంటుంది, దాని మొలక శక్తి పడిపోతుంది. మృగశిర కార్తె దాటి రెండు వానలు పడ్డాక ఇవ్వండి. అప్పుడు బెండ, బీర, సొర, కాకర, గోంగూర, తోటకూర బాగా వస్తాయి. రెండో విడత అక్టోబరులో ఇస్తే టమాట, ముల్లంగి, పాలకూర, మెంతి, కొత్తిమీర ఇవ్వొచ్చు. కొత్తిమీర ఎండకాలంలో ఇచ్చి లాభం లేదు, వేడికి త్వరగా పూతకు పోతుంది.

బతుకమ్మ కోసం బంతి విత్తనం ఇవ్వడం నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన. తంగేడు, గునుగు చేల గట్ల మీద దొరుకుతాయి. బంతి, సీతజడ మాత్రం ఇంటి దగ్గర పెంచుకునే పూలు. బంతి విత్తనం వేసినప్పటి నుంచి పూయడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. సీతజడకు ఇంకొంచెం ఎక్కువ. బతుకమ్మ ఒక ఏడు సెప్టెంబరు చివర, ఒక ఏడు అక్టోబరులో వస్తుంది. కాబట్టి క్యాలెండర్ ముందేసుకుని సద్దుల బతుకమ్మ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. బంతి విత్తనం కనీసం డెబ్బై అయిదు రోజుల ముందు ఇంటికి చేరాలి, అంటే ఇచ్చాక వాళ్లు విత్తడానికి రెండు వారాల వెసులుబాటు ఉంటుంది. ప్యాకెట్ మీద "ఈ తేదీలోపు విత్తండి, బతుకమ్మకు పూస్తుంది" అని పెద్ద అక్షరాలతో రాయించండి. మీ షాపు పేరు కన్నా ఆ వాక్యమే పెద్దగా ఉండాలి. సొంత ఇంటి బంతిపూలతో బతుకమ్మ పేర్చిన ఆడబిడ్డ ఆ విత్తనం ఎక్కడిదో తప్పకుండా చెప్పుకుంటుంది.

విత్తనాలు కిలోల లెక్కన కొని చిన్న కవర్లలో పోసి ఇవ్వకండి. లైసెన్సు ఉన్న విత్తనాల డీలర్ దగ్గర కంపెనీ ప్యాకెట్లే తీసుకోండి. వాటి మీద లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు ఉంటాయి. గడువు కనీసం మూడు నాలుగు నెలలు మిగిలి ఉండాలి. ఆ ప్యాకెట్‌ను మీ పేరున్న కాగితం కవరులో పెట్టి ఇస్తే సరిపోతుంది. పంచే ముందు ఏదైనా ఒక ప్యాకెట్ విప్పి ఇరవై గింజలు తడి గుడ్డలో చుట్టి చూడండి. బెండ, బీర లాంటివి వారంలో తేలిపోతాయి. సగం కూడా మొలవకపోతే ఆ లాట్ వాపసు చేయండి.

గ్రోబ్యాగ్ ఇవ్వాలనుకుంటే పన్నెండు అంగుళాల సైజు వంకాయ, మిరప, టమాటకు చాలు. ఆకుకూరలకు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్నది కావాలి. పలుచటి సంచులు ఒక్క ఎండకాలానికే పెళుసుబారి చిరిగిపోతాయి. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క, 220 జీఎస్ఎమ్‌కు తక్కువ తీసుకోకండి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో ఒక్కో కట్ట విప్పి చూసుకోండి.

ముగ్గుల పుస్తకం

సంక్రాంతికి ఇంతకంటే మంచిది నాకు తోచలేదు. అచ్చు వేసిన ముగ్గులు కాదు, లేత బూడిదరంగు చుక్కలు మాత్రమే ఉన్న ఖాళీ పుస్తకం. సగం పేజీల్లో ఎదురు చుక్కలు (ఒకదాని కింద ఒకటి వచ్చేవి), సగం పేజీల్లో సందు చుక్కలు (పై వరుసలోని రెండు చుక్కల సందులో వచ్చేవి) పెట్టించండి. "15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క" అని ముగ్గు చెప్పుకునే మనుషులకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ప్రింటర్‌కు మాత్రం తెలియకపోవచ్చు, గీసి చూపించండి. లేకపోతే కంప్యూటర్‌లో దొరికిన ఏదో ఒక చుక్కల షీటు అన్ని పేజీలకూ వేసేస్తారు.

కాగితం 80 జీఎస్ఎమ్ అయినా ఉండాలి, స్కెచ్ పెన్ను వాడితే వెనక పేజీకి ఊరకుండా 100 అయితే ఇంకా మంచిది. బైండింగ్ స్పైరల్ చేయించండి. వాకిట్లో కింద పెట్టి చూసుకుంటూ వేసేటప్పుడు పుస్తకం తనంతట తాను మూసుకుపోకూడదు. మొదట్లో నాలుగు పేజీలకు మీ ఊరి ఆడవాళ్లు వేసిన ముగ్గులే పెట్టండి, వాళ్లను అడిగి, ఒప్పుకుంటే వాళ్ల పేర్లతో. పత్రికల్లోంచో నెట్‌లోంచో ముగ్గులు ఎత్తి అచ్చు వేయడం సరికాదు, అవి వేసినవాళ్ల సొత్తు.

ధనుర్మాసం డిసెంబరు మధ్యలో మొదలవుతుంది. పుస్తకం డిసెంబరు మొదటి వారంలో చేతికి అందాలి. డిసెంబరులో ప్రింటింగ్ ప్రెస్‌లన్నీ క్యాలెండర్లు, డైరీలతో మునిగి ఉంటాయి కాబట్టి మీ పని అక్టోబరు చివరకే అప్పజెప్పండి.

కుట్టు, ఆట, పిట్టలు

ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకు చిన్న సంచి: ఆరంగుళాల రింగు, పది రంగుల దారం, రెండు మూడు సైజుల సూదులు, దారం ఎక్కించే తీగ. చౌక రింగులకు మర తొందరగా వదులైపోతుంది. గుడ్డ బిగించి వేలితో తట్టి చూస్తే జారుతుందో లేదో తెలుస్తుంది. దారాన్ని తడిపి తెల్లగుడ్డ మీద రుద్దండి, ఎరుపు, నీలం అంటుకుంటే ఆ దారం వద్దు. ఎవరో కష్టపడి కుట్టిన జాకెట్ మొదటి ఉతుకులోనే పాడైతే ఆ దారం ఇచ్చిన షాపు మంచి పేరు తెచ్చుకోదు.

సంచి విషయంలో మన జిల్లాలకు ఉన్న అదృష్టం చాలామందికి లేదు. పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా పాత నల్లగొండవే. పాత పాలమూరు వైపు నారాయణపేట, గద్వాల ఉన్నాయి. అక్కడి చేనేత గుడ్డ మీటర్ల లెక్కన తెచ్చుకుని మీ ఊరి దర్జీతో సంచులు కుట్టించండి. ఇక్కత్ అని అమ్మే అచ్చు గుడ్డతో జాగ్రత్త. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు వేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనబడుతుంది. అచ్చు వేసిన గుడ్డ వెనక్కి తిప్పితే వెలిసినట్టు ఉంటుంది. ఆ నేత మీద మీ లోగో అచ్చు వేయకండి, చూడటానికి బాగుండదు. కుట్టులో పట్టే చిన్న లేబుల్ చేయించి పక్కన పెట్టించండి. నేసేవాళ్లకు నెలన్నర ముందు చెప్పండి, తొందర పెడితే దొరికేది మిగులు గుడ్డే.

అష్టాచెమ్మా గుడ్డ తయారీ చాలా తేలిక. మందపాటి కాటన్ గుడ్డ, పదిహేను అంగుళాల చదరం, అయిదు గళ్లు అడ్డం, అయిదు నిలువు. ఒకే ముదురు రంగుతో స్క్రీన్ ప్రింట్ చేయిస్తే ఖర్చు తగ్గుతుంది, పెద్దవాళ్ల కళ్లకూ స్పష్టంగా ఉంటుంది. నాలుగు గవ్వలు, నాలుగు రంగుల్లో నాలుగేసి కాయలు చిన్న సంచిలో వేసి ఇవ్వండి. ఆట నియమాలు ఇంటికొక రకంగా ఉంటాయి, అచ్చు వేసి గొడవ పెట్టకండి. చంటిపిల్లలు గవ్వలు నోట్లో పెట్టుకుంటారు, ఆ హెచ్చరిక మాత్రం సంచి మీద ఉండాలి.

ఎండకాలానికి పిట్టల నీళ్ల మూకుడు బాగుంటుంది. మీ దగ్గరి కుమ్మరితో మాట్లాడి, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే అంచున మీ పేరు ముద్ర వేయిస్తే కాల్చాక చెరగదు. దాంతోపాటు మన ఇళ్ల దగ్గరికి వచ్చే పిట్టల బొమ్మలున్న ఒక కార్డు: పిచ్చుక, గోరింక, పిగిలిపిట్ట, తేనెపిట్ట, చిలుక, పాలపిట్ట. పిల్లలు చూసిన దానికి టిక్ పెట్టుకుంటారు. నీళ్లు రోజూ మార్చమని కార్డు మీదే రాయండి, లేకపోతే దోమలు చేరతాయి.

వంట ఇష్టపడేవాళ్లకు స్టీలు కొలత చెంచాల సెట్, లేజర్‌తో పేరు చెక్కించి. చదివేవాళ్లకు మీరు పుస్తకం ఎంచకండి, మీ ఊరి బుక్‌స్టాల్‌తో మాట్లాడి వంద రూపాయల కూపన్ ఇవ్వండి. పిల్లలకు ఆట వస్తువులు, పజిల్స్ ఇస్తే ఐఎస్ఐ గుర్తు చూసే కొనండి. 2021 జనవరి 1 నుంచి ఆట వస్తువులకు అది తప్పనిసరి.

పేరు ఎక్కడ, ఎంత

లోగో పెద్దగా ఉంటే ప్రచారం ఎక్కువ అనుకుంటారు. ఇంట్లో ఇష్టంగా వాడే వస్తువు మీద అది పనిచేయదు. సంచి నిండా ఫోన్ నంబర్లు, ముగ్గురు పార్ట్‌నర్ల ఫొటోలు ఉంటే దాన్ని నలుగురిలో ఎవరూ బయటకు తీయరు. షాపు పేరు, ఊరు, ఒక్క ఫోన్ నంబరు చాలు. బొటనవేలంత చోటు సరిపోతుంది.

గుడ్డకు స్క్రీన్ ప్రింటింగ్, స్టీలుకు, కర్రకు లేజర్, తెల్ల కప్పులకు సబ్లిమేషన్ (వేడితో రంగు ఎక్కించే పద్ధతి). స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగు పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. లోగోను వాట్సాప్ ఫొటోగా పంపకండి, అంచులు పగిలినట్టు వస్తాయి. మొదట డిజైన్ చేసిన మనిషి దగ్గర కోరల్‌డ్రా ఫైలు అడిగి తీసుకోండి.

తెలుగు అక్షరాల దగ్గర ప్రత్యేకంగా చూడండి. మనం ఫోన్‌లో టైప్ చేసేది యూనికోడ్, చాలా ప్రెస్‌లలో ఇంకా అను ఫాంట్లే వాడతారు, అవి యూనికోడ్ కాని పాత రకం. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, "క్ష" విడిపోతుంది. ప్రూఫ్ ఫోన్‌లో చూసి సరే అనకుండా, కాగితం మీద తీయించి ఇద్దరితో చదివించండి. వస్తువు వాడే పద్ధతి చూపే వీడియోకు క్యూఆర్ కోడ్ పెడితే దాన్ని రెండు మూడు ఫోన్లతో పరీక్షించండి. కొన్ని ఉచిత సైట్లలో చేసిన కోడ్‌లు కొన్నాళ్లకు ఆగిపోతాయి, నేరుగా వీడియో లింకుతోనే కోడ్ చేయమని చెప్పండి.

మొత్తం ఆర్డర్‌కు ముందు ఒక్క నమూనా చేయించి, ఆ హాబీ ఉన్న మనిషి చేతికి ఇచ్చి వారం వాడనివ్వండి. మీ అభిప్రాయం కన్నా, మీ డిజైనర్ అభిప్రాయం కన్నా ఆ మనిషి మాట ముఖ్యం. "రింగు బాగుంది కానీ సూది రంధ్రం చిన్నగున్నది" లాంటి మాట ఆమె మాత్రమే చెప్పగలదు.

పన్నులు, నియమాలు

ఉచితంగా ఇచ్చే గిఫ్టుల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు (అంటే ఆ పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోలేరు), సీజీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ దాన్ని ఆపుతుంది. కాబట్టి పన్నుతో కలిపే బడ్జెట్ వేసుకోండి. డీలర్లకు, ఏజెంట్లకు ఖరీదైన గిఫ్టులు ఇచ్చే కంపెనీలు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఒకరికి ఏడాదిలో ఇచ్చినవి ఇరవై వేల రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను) విషయం వస్తుంది, ఈ నియమం 2022 జూలై 1న మొదలైంది. మీ ఆడిటర్‌తో ముందే మాట్లాడండి. నాన్‌వోవెన్ (గుడ్డలా కనబడే ప్లాస్టిక్) సంచుల్లో పెట్టి ఇస్తే 60 జీఎస్ఎమ్‌కు తక్కువవి నిషేధం. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో పేరున్న గిఫ్టుల పెట్టెలు తెప్పించకపోవడం మంచిది. తప్పనిసరైతే బిల్లులు బండిలోనే ఉండాలి.

ఇచ్చేటప్పుడు, ఇచ్చాక

కౌంటర్ మీద కుప్పగా పోసి "తీసుకుపోండి" అనకండి. రాసుకున్న లిస్టు చూసి "అక్కా, మీరు మిద్దె మీద మొక్కలు పెంచుతున్నరు కదా, ఇది మీకోసం పెట్టిన" అని చేతికి ఇవ్వండి. ఆమె అన్న మాట మీరు గుర్తుపెట్టుకున్నారని తెలుస్తుంది. వాడే పద్ధతి రెండు ముక్కల్లో చెప్పండి. కౌంటర్‌లో కుర్రవాళ్లు ఉంటే వాళ్లకు ముందే నేర్పించండి.

రెండు మూడు నెలల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు "విత్తనాలు మొలిచినయా?" అని అడగండి. ఫొటోలు పంపితే, అడిగి, షాపు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. మొలవలేదన్నా, దారం తెగుతోందన్నా అది కూడా లిస్టులో రాసుకోండి, వచ్చే ఏడాది ఏ సరుకు మార్చాలో దాన్ని బట్టి తేలుతుంది. మిగిలిన గిఫ్టుల్లో విత్తనాలు ఉంటే గడువు దాటకముందే దగ్గరి ప్రభుత్వ పాఠశాల తోటకు ఇచ్చేయండి. ముగ్గుల పుస్తకాలు, అష్టాచెమ్మా గుడ్డలు పొడి చోట ఉంటే మరుసటి ఏడాదికీ పనికొస్తాయి, అప్పటికి ఫోన్ నంబరు మారకుండా చూసుకోండి.